ఎడంచేతి పని

బోర్డుల షెడ్డు
ఫిబ్రవరి, సోమవారం

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం. ముందు మంచి వార్త చెప్తాను. మందుల షాపు కొత్త బోర్డు పూర్తయింది. షాపాయనకి నచ్చింది, వాళ్లావిడకి కూడా నచ్చింది. ఇంక దానికి వంక పెట్టేవాళ్లు లేరు.

రెండో వార్త. మాజీ సైనికుల ఆఫీసు నుంచి కవరొచ్చింది. నా భుజం దరఖాస్తు కొట్టేశారు. కుడి మోచెయ్యి సర్వీసులో చితికింది కాబట్టి అది వాళ్ల బాధ్యతేనట, దాన్ని ఇన్నేళ్లలో ఎప్పుడూ కాదనలేదు. ఎడమ భుజం మాత్రం నా సొంత వ్యవహారమట. ఒక గాయం వల్ల ఒంట్లో ఇంకోచోట దెబ్బతింటే దాన్ని వాళ్ల భాషలో 'అనుబంధ గాయం' అంటారు. నాది ఆ లెక్కలోకి రాదని తేల్చారు. గాయాలకి కూడా అనుబంధాలుంటాయని నాకిప్పుడే తెలిసింది.

కావాలంటే అప్పీలు చేసుకోవచ్చని చివర్లో రాశారు. చెయ్యాలా వద్దా అని చూస్తున్నాను. భుజం పెద్ద ఇబ్బందేం లేదు. కాస్త పట్టేస్తుంది, అంతే. నువ్వు కంగారు పడకు.

పిడుగుకి క్లాసులో చేతిరాతకి బహుమతి వచ్చింది. 'నాన్న పోలిక' అని వీధంతా చాటింపు వేసుకుంటూ తిరుగుతోంది. బావని అడిగానని చెప్పు.

తమ్ముడు


ప్రెస్సు, పై గది
ఫిబ్రవరి, శనివారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం ఒకసారి చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాను. ఫోన్ చేద్దామంటే కింద మిషన్ల మోతకి నా చెవులు ఏనాడో పోయాయి. ఫోన్లో నాకు సగం వినపడదు, నువ్వు సగమే చెప్తావు. రెండూ కలిపితే ఏమీ మాట్లాడుకోనట్టే. అందుకని కాగితం మీద అడుగుతున్నాను, కాగితం మీదే చెప్పు.

'కాస్త పట్టేస్తుంది, అంతే' అన్నావు. నీ దస్తూరీ నాకు తెలీదనుకున్నావా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రూఫులు దిద్దుకునేదాన్ని నేను. నీ ఉత్తరంలో ప్రతి లైనూ చివరికొచ్చేసరికి కిందికి జారిపోయింది. ఆఖరి పేరాలో అక్షరాలు పడుకునే ఉన్నాయి. బోర్డుల మీద స్కేలు పెట్టినట్టు రాసేవాడివి, కాగితం మీద ఎందుకు జారుతున్నావు?

ఇంకో సంగతి. కొట్టేశారన్నావు గానీ ఎందుకు కొట్టేశారో రాయలేదు. కారణం చెప్పకుండా కొట్టేయడానికి అదేమైనా ఈగా? ఆ కాగితం నకలు పంపు. నువ్వు చదివి చెప్పడం కాదు, నేనే చదువుతాను.

మీ బావ పేపరు చాటునుంచి 'అప్పీలు చెయ్యమను' అన్నారు. ఆయన నోట్లోంచి రెండు ముక్కలు రావడమంటే మాటలా? కనీసం ఆ మర్యాద కోసమైనా చెయ్యి.

పిడుగుని ముద్దాడానని చెప్పు. బహుమతి కాగితం నాకు చూపించకుండా గోడకి అంటించొద్దన్నానని చెప్పు.

అక్క


బోర్డుల షెడ్డు
మార్చి, బుధవారం

అక్కా,

నకలు పంపుతున్నాను. నువ్వు ఎర్రపెన్ను తీస్తావని తెలుసు. అందులో ఉన్నది చూసి కోప్పడకు. కొన్ని కారణాలున్నాయి.

తమ్ముడు

(దీంతోపాటు కవర్లో మడిచి పెట్టిన చిన్న చీటీ)

వదినా, నమస్తే. కవరు అంటించి పోస్టులో వెయ్యమని ఈయన నా చేతికిచ్చి షెడ్డుకి వెళ్లారు. అంటించేముందు ఈ చీటీ లోపల పెడుతున్నాను. ఈయనకి చెప్పకండి.

పరిస్థితి ఏం బాలేదు. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. మందుల షాపు బోర్డు గోడమీద ఉండగా రాయలేక, విప్పించి నేలమీద పరిపించుకుని, మోకాళ్లమీద కూర్చుని రాశారు. చెయ్యి భుజం దాటి పైకి లేవడంలేదు. లోపల కండ చిరిగిందనీ, ఆ చిరుగు పెరుగుతోందనీ ఎముకల డాక్టరమ్మ చెప్పింది. ఇంకా ఆలస్యమైతే కుట్టడానికి కూడా కుదరదట. సర్వీసు ఆస్పత్రిలో ఆపరేషన్ చెయ్యాలంటే ఆఫీసు ఒప్పుకోవాలి. బయట చేయించే స్తోమత మాకు లేదని మీకు తెలుసు.

కుడిచెయ్యి పోయినప్పుడు ఎడంచెయ్యి ఉందిలే అనుకున్నారు. ఇదీ పోతే ఇంక దేంతో బతుకుతారు వదినా? అడిగితే 'ఎడంచేత్తో నెట్టుకొచ్చేస్తా' అని నవ్వుతారు. మీ మాటైతే వింటారు.

మీ మరదలు


ప్రెస్సు, పై గది
మార్చి, సోమవారం

ఒరేయ్ మహానుభావా,

నువ్వు పంపిన కాగితం చదివితే ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. నువ్వు మళ్లీ చదివి ఉండవు కాబట్టి వాళ్ల మాటల్లోనే ఎత్తి రాస్తున్నాను:

'దరఖాస్తుదారు స్వతహాగా ఎడంచేతి వాటం గలవారు. వైద్య పరీక్షలో డాక్టరు అడగగా తామే అంగీకరించారు. కనుక కుడి మోచేతి గాయం వలన ఎడమ చేతిపై అదనపు భారం పడినదనుటకు ఆధారం లేదు. పైగా, అన్ని పనులూ ఎడంచేత్తో చేసేస్తున్నానని వారే రాసుకున్నారు. దీనినిబట్టి వారు దైనందిన పనులను సునాయాసంగా చేసుకోగలుగుతున్నట్టు స్పష్టమగుచున్నది. భుజం అరుగుదలకు వారి ప్రస్తుత వృత్తియే కారణం కావచ్చును.'

చూశావా? నువ్వు నీ చెయ్యి గురించి రాస్తే వాళ్లు మాటవరసకి అన్నావనుకున్నారు. 'ఎడంచేత్తో చేసేస్తా' అని ఎవరైనా మామూలుగా అంటే అర్థమేంటి? అదో పనేనా, చిటికెలో అయిపోతుందని. నీ సంగతి అది కాదని ఆ పెద్దమనిషికెలా తెలుస్తుంది? ఇన్నేళ్లుగా ప్రూఫులు చూస్తున్నాను గానీ, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఇంత పెద్ద తప్పు అచ్చవడం ఎప్పుడూ చూడలేదు.

అది వాళ్ల తప్పు, పోనీ. మరి మొదటి మాట సంగతేంటి? నువ్వు ఎడంచేతి వాటమా? ఎప్పట్నుంచిరా? పటాలంలో చేరేదాకా కుడిచేత్తో తిన్నావు, కుడిచేత్తో రాశావు, కుడిచేత్తో రాయి విసిరి పక్కింటివాళ్ల కిటికీ అద్దం పగలగొట్టావు. నిందపడింది నామీద, అది వేరే కథ. జనరేటరు లారీలోకి ఎక్కిస్తుంటే తాడు తెగి నీ మోచెయ్యి నలిగిపోయిందని కబురొచ్చినప్పుడు అమ్మ అన్న మొదటి మాట 'అయ్యో, వాడి కుడిచెయ్యి' అని. ఆస్పత్రి మంచం మీంచి ఎడంచేత్తో నువ్వు రాసిన మొదటి ఉత్తరం నాకింకా కళ్లముందే ఉంది. 'అక్కా బాగున్నాను' అని రెండే ముక్కలు, పేజీ నిండా. ఆ వంకర అక్షరాలు చూసి నేనెంత ఏడ్చానో నీకు తెలీదు.

అలాంటిది, డాక్టరు అడిగితే 'అవునండి' అన్నావా? నీ నోటికేమొచ్చింది? చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేనివాడివి, ఎవరి కోసంరా ఈ బడాయి? నిజం చెప్పు.

అక్క


బోర్డుల షెడ్డు
మార్చి, ఆదివారం

అక్కా,

తిట్లన్నీ భద్రంగా అందాయి. గుండీల మాట చూడగానే కవర్లో చీటీ వెళ్లిందని కూడా అర్థమైంది. ఇంట్లోనే గూఢచారి ఉంటే సైనికుడు ఏం చేస్తాడు?

నువ్వడిగినదానికి జవాబు చెప్తాను, నవ్వకు.

పిడుగుని బళ్లో వేసిన కొత్తలో పెన్సిల్ ఇస్తే ఎడంచేత్తో పట్టుకుంది. మేం నేర్పలేదు, దానికదే వచ్చింది. టీచరమ్మ తీసి కుడిచేతిలో పెట్టేది, ఇది మళ్లీ మార్చుకునేది. పిల్లలు 'ఎడ్డెం, ఎడ్డెం' అని ఏడిపించేవాళ్లు. ఒకరోజు ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా, 'నాన్నా, నాది తప్పు చెయ్యా?' అని అడిగింది. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పలేను.

మర్నాడు దానితోపాటు బడికెళ్లాను. టీచరమ్మని అడిగి సుద్దముక్క తీసుకుని, నల్లబోర్డు మీద బడి పేరు ఎడంచేత్తో రాశాను. గుండ్రటి అక్షరాలు, కింద నీడలతో సహా. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. 'ఇది నా కూతురు, దీనిది నా పోలిక' అన్నాను. అంతే అక్కా. ఆరోజు నుంచి దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. అది తలెత్తుకుని తిరిగింది. షెడ్డు మీద 'ఎడంచేతి ఆర్ట్స్' అని పేరు రాయించింది కూడా అదే.

నా కుడిచేతికి దెబ్బ తగిలిందని దానికి తెలుసు. 'పోన్లే నాన్నా, మనది ఎడంచేతి వాటం కాబట్టి సరిపోయింది' అంటుంది. ఏనాడూ కాదనలేకపోయాను.

వైద్య పరీక్ష రోజు వాళ్లమ్మకి ఫ్యాక్టరీలో షిఫ్టు పడి, నాకు తోడు అదే వచ్చింది. డాక్టరు కాగితాల్లోంచి తలెత్తకుండా 'ఎడంచేతి వాటమా?' అన్నాడు. పక్కన స్టూలు మీదున్న పిడుగు నాకంటే ముందే 'అవును, మా ఇద్దరిదీ అంతే' అనేసింది. దాని మొహం చూస్తూ నేనేమనాలి? 'అవునండి' అన్నాను. దరఖాస్తులో కూడా 'కుడిచెయ్యి పనికిరాక' అన్న మాట రాయలేకపోయాను, అది నా పక్కనే కూర్చుని చదువుతోంది.

ఇదీ నా బడాయి.

తమ్ముడు


ప్రెస్సు, పై గది
మార్చి, శుక్రవారం

తమ్ముడూ,

నవ్వలేదురా. ఉత్తరం మళ్లీ మొదట్నుంచి చదివాను. కింద ఫోర్‌మన్ ప్రూఫులేవని కేకేసినా పలకలేదు. ఎలాగూ వినపడదు కదా అనుకుని ఊరుకున్నాడు.

నువ్వు చేసింది తప్పని నేననను. కానీ పిల్లకోసం అన్న మాట ఇప్పుడు పిల్ల తండ్రి చేతికే ఎసరు పెడుతోంది. రేపు నీ చెయ్యి లేవకుండా అయ్యాక, తనకోసం నువ్వు దాచిన మాటవల్లే అలా అయిందని దానికెవరో ఒకరు చెప్తారు. అప్పుడది ఏమైపోవాలి? ఆ బరువు దానిమీద పెట్టకు. ఎవరో ఆఫీసులో చెప్పేలోపు నువ్వే చెప్పు. మెల్లిగా చెప్పు, కానీ చెప్పు.

అప్పీలు నేను దగ్గరుండి రాయిస్తాను. డాక్టరమ్మ చేత, ఈ భుజం ఆ మోచేతి వల్లే ఇలా అయిందని కారణాలతో సహా రాయించు. పటాలంలో నీ పక్కమంచం 'పొడుగు' ఉన్నాడే, అతనితో వాంగ్మూలం ఇప్పించు. చిన్నప్పట్నుంచి నిన్నెరిగినదాన్ని నేనున్నాను, నాదీ ఇస్తాను.

ఎడంచేతి పిల్లల బాధ నాకు తెలీదనుకోకు. ఆ సంగతి ఇంకోసారి.

అక్క


బోర్డుల షెడ్డు
ఏప్రిల్, మంగళవారం

అక్కా,

చెప్పాను. చెప్పకుండా ఉంటేనే బాగుండేది.

షెడ్డులో కుంచెలు కడుగుతూ మెల్లిగానే చెప్పాను. అంతా విని, 'అయితే నాది నీ పోలిక కాదా?' అంది. కాదమ్మా అన్నాను. 'మరి ఎవరిది?' అంది. ఎవరిదీ కాదు, అది నీ సొంతం అన్నాను. మంచి జవాబే చెప్పాననుకున్నాను. అది కుంచె అక్కడే పడేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆరోజు నుంచి కుడిచేత్తో తింటోంది. సగం పళ్లెంలో, సగం ఒళ్లో. నోటుబుక్కులో కుడిచేత్తో రాస్తోంది. చేతిరాతకి బహుమతి తెచ్చుకున్న పిల్ల అక్కా! అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడి దొర్లుతున్నాయి. ఎందుకమ్మా అంటే, 'నువ్వు నేర్చుకున్నావుగా, నేనూ నేర్చుకుంటాను. ఎవరిదీ కాని చెయ్యి నాకెందుకు?' అంది. వాళ్లమ్మ బతిమాలింది, నేను బతిమాలాను. వినడంలేదు.

నాకీ అప్పీలు వద్దు. నా భుజం ఎలా పోతే అలా పోనీ. కాగితాలన్నీ కట్టకట్టి అటకమీద పెట్టమన్నాను. నీ మరదలు పెట్టలేదు, నామీద అలిగి కూర్చుంది. ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు, అందుకే నీకు రాస్తున్నాను.

తమ్ముడు


ప్రెస్సు, పై గది
ఏప్రిల్, శనివారం

మా మేనకోడలు కుమారి పిడుగు గారికి,

ఇది నీకే రాసిన ఉత్తరం. మీ నాన్నకి తర్వాత చదివి వినిపించు, లేకపోతే లేదు.

నీకంటే చిన్నప్పుడు నేను అన్నీ ఎడంచేత్తోనే చేసేదాన్నని నీకెవరైనా చెప్పారా? చెప్పరు. మీ నాన్నకే తెలీదు, వాడప్పుడు గుమ్మం దాటడం కూడా రాని పసివెధవ. బళ్లో తిడుతున్నారని మీ నానమ్మకి భయం. పాపం, ఆవిడ చెడ్డది కాదు. నా ఎడంచేతిని ఒక నీలం రిబ్బనుతో గౌను నడుముకి కట్టేసేది. అన్నానికి కూర్చున్నప్పుడు, కొత్తగా తినడం నేర్చుకుంటున్న మీ నాన్నని చూపించి, 'చూడవే, తమ్ముడు ఎంత బుద్ధిగా కుడిచేత్తో తింటున్నాడో' అనేది. వాడేమో ముక్కుకి కాస్త, చెవికి కాస్త పూసుకుంటూ తినేవాడు. అయినా సరే, వాడు బుద్ధిమంతుడు, నేను మొండిఘటం! ఆ కుడిచేతిని చూసి నేనెంత ఉడుక్కున్నానో దేవుడికే తెలుసు. అందుకే చెప్తున్నా, మీ నాన్నది ఏ చేతి వాటమో ఈ భూమ్మీద నాకంటే గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు.

చివరికి నా చెయ్యి మాట విన్నది. కుడిచేత్తో రాయడం వచ్చింది, ఉద్యోగం కూడా దాంతోనే చేస్తున్నాను. కానీ ఇప్పటికీ కుడిచేతిలో కత్తెర ఇమడదు నాకు. గదిలో ఎవరూ లేనప్పుడు ఎర్రపెన్ను దానంతటదే ఎడంచేతిలోకి వెళ్లిపోతుంది. మీ మామయ్యకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఆయనకి తెలిసినా ఒకటే, ఎలాగూ మాట్లాడరు.

నీది ఎవరి పోలిక అని అడిగావట. మేనత్త పోలికే పిచ్చిమొద్దూ! నా చెయ్యే నీకొచ్చింది. నన్ను వాడుకోనివ్వని చెయ్యి, నువ్వు బహుమతి తెచ్చుకునేలా వాడావు. దాన్ని నువ్వు కూడా కట్టేసుకుంటే నాకు ఏడుపొస్తుంది.

ఇంకో మాట. మా అమ్మ నన్ను ఎంతో ప్రేమించింది, అయినా నా చెయ్యి కట్టేసింది. మీ నాన్న నీ చెయ్యి కట్టలేదు. నువ్వు తలదించుకోకూడదని, తన చెయ్యే వేరేదని చెప్పుకున్నాడు. అది అబద్ధమే, కానీ అలాంటి అబద్ధం నాకోసం చెప్పేవాళ్లు లేకపోయారే. వాడితో మాట్లాడు.

అత్త

తమ్ముడూ, నా వాంగ్మూలం ఇందులోనే పెడుతున్నాను. రిబ్బను సంగతి, ముక్కూ చెవీ సంగతీ అన్నీ రాశాను. పరువు పోయిందని ఏడవకు. అటక జోలికెళ్లావంటే నేనే బస్సెక్కి వస్తాను.


బోర్డుల షెడ్డు
జూన్, శుక్రవారం

అక్కా,

ఇన్ని రోజులు రాయకపోయినందుకు తిట్టకు. కాగితాల పని అయ్యేదాకా ఊపిరాడలేదు.

ముందు పిడుగు సంగతి. నీ ఉత్తరం పట్టుకుని తలుపు వెనక్కి వెళ్లింది. మేమిద్దరం వంటింట్లో దొంగల్లా నిలబడ్డాం. చాలాసేపటికి బయటికొచ్చి, 'అమ్మా, ఆకలేస్తోంది' అంది. ఎడంచేత్తో తింది. తింటూ నావైపు చూసి, 'ముక్కుకి పూసుకునేవాడివటగా' అంది. నీకెలా దణ్ణం పెట్టాలో తెలీదు అక్కా, ఈ చెయ్యి అంత పైకి లేవదు.

నీ సంగతి నాకెందుకు చెప్పలేదు? నా పేరు చెప్పి నీ చెయ్యి కట్టేశారని తెలీకుండా ఇన్నేళ్లు బతికాను. దానికి నిన్నేమీ అడగను.

నిన్న విచారణ జరిగింది. పొడవాటి గది, ఒకటే ఫ్యాను, బల్లకి అటువైపు ముగ్గురు. పొడుగు పంపిన వాంగ్మూలం ముందు చదివారు. యూనిట్లో అందరి ఉత్తరాలూ నేనే కుడిచేత్తో రాసిపెట్టేవాణ్ణట, తన ప్రేమలేఖలు కూడా నేనే రాశానట, పెళ్లయ్యాక మొగుడి అసలు దస్తూరీ చూసి వాళ్లావిడ ఇప్పటికీ దెప్పుతోందట. కావాలంటే ఆ ఉత్తరాలు తెస్తానని కూడా రాశాడు. ముగ్గురూ నవ్వాపుకున్నారు. తర్వాత నీది చదివారు. అప్పుడెవరూ నవ్వలేదు.

ఒకాయన, 'అన్నీ ఎడంచేత్తో చేసేస్తున్నానని మీరే రాశారు కదా' అన్నాడు. 'సార్, అది మాట కాదు సార్, చెయ్యి' అన్నాను. ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లజోడు తీసేసి ఆ లైను మళ్లీ చదువుకున్నాడు. ఇంకొకాయన, బోర్డులు రాసేవాళ్లందరికీ భుజాలు పోతాయి కదా అన్నాడు. 'వాళ్లు ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని రెండో చేత్తో రాస్తారండి. నాకు నిచ్చెనా ఇదే, డబ్బా ఇదే, కుంచే ఇదే' అని చూపించాను. డాక్టరమ్మ కూడా అదే రాసింది, రెండు చేతుల బరువు ఒక్క భుజమే మోసినందువల్లే చిరిగి ఉండే అవకాశం ఎక్కువని.

చివర్లో వాళ్లలో ఉన్న డాక్టరు మళ్లీ అదే ప్రశ్న వేశాడు. 'సూటిగా చెప్పండి. మీది ఎడంచేతి వాటమా?'

పిడుగు వెనక బెంచీ మీద వాళ్లమ్మ పక్కన ఉంది. తిరిగి చూశాను. అది తల అడ్డంగా ఊపి, గదంతా వినపడేలా 'కాదని చెప్పు నాన్నా' అంది.

'కాదండి' అన్నాను. 'నాది కుడిచేతి వాటం. ఆ చెయ్యి సర్వీసులో ఇచ్చేశాను. అప్పట్నుంచి రెండు చేతుల పనీ దీంతోనే చేస్తున్నాను. ఇప్పుడిది చాలంటోంది.'

అలా అనడం అదే మొదటిసారి. అన్నాక భుజం తేలికైనట్టు అనిపించింది, నిజానికి నొప్పి అలాగే ఉంది. నిర్ణయం పోస్టులో పంపిస్తామన్నారు. ఏమొచ్చినా ఫర్వాలేదు అని రాద్దామనుకున్నాను, కానీ నీకు అబద్ధాలు రాయనని ఒట్టేసుకున్నాను. రావాలి అక్కా. నాకా చెయ్యి కావాలి.

తమ్ముడు


సర్వీసు ఆస్పత్రి, కిటికీ పక్క మంచం
ఆగస్టు, ఆదివారం

అత్తా,

నాన్న చెప్తుంటే నేను రాస్తున్నాను. నాన్న ఎడంచేతికి పెద్ద కట్టు ఉంది. కుడిచేత్తో రాస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను, నీ కళ్లు పోతాయని. ఇక్కణ్ణుంచి నాన్న మాటలు:

అక్కా, ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారని ఫోన్లో అరిచి చెప్పాను కదా, నీకు వినపడిందో లేదో. బావ 'ఆఁ' అన్నారు, దాన్నిబట్టి విషయం చేరిందనుకున్నాను. 'కుడి మోచేతి గాయమునకు అనుబంధముగా' అని రాశారు. అనుబంధం తెగలేదన్నమాట. ఆపరేషన్ బాగా జరిగింది. చిరుగు పెద్దదే గానీ కుట్టగలిగామన్నారు. రోజూ ఒకమ్మాయి వచ్చి వేళ్లు కదిలిస్తోంది. (చాలా నొప్పంట, ఆమె రాగానే అరుస్తాడు. ఇది నాన్న చెప్పమనలేదు.) మళ్లీ నిచ్చెన ఎక్కడానికి నెలలు పడుతుందట. మునుపటంత పైకి లేవకపోవచ్చని కూడా ముందే చెప్పారు. అందుకని బోర్డులు కింద పెట్టుకుని రాసేలా షెడ్డులో ఒక బల్ల చేయిస్తున్నాను. పెద్ద బోర్డుల పైలైన్లకి మనిషిని పెట్టుకుంటాను. గుండీలు మాత్రం నేనే పెట్టుకుంటానని నీ మరదలికి మాటిచ్చాను. (అమ్మ నమ్మలేదు.)

అక్కా, నాకొకటి కావాలి. అడగొచ్చో లేదో తెలీదు. (నాన్న ఆగిపోయాడు. నాకు తెలుసు ఏం అడగాలనుకుంటున్నాడో, ఇంట్లో అమ్మతో అన్నాడు. అందుకని నేనే అడుగుతున్నాను.)

అత్తా, నువ్వు ఎడంచేత్తో రాసిన ఉత్తరం ఒకటి మాకు కావాలి.

పిడుగు
(షెడ్డు బోర్డు మారుస్తున్నాం. 'ఎడంచేతి ఆర్ట్స్' కింద చిన్నక్షరాలతో 'అత్త పోలిక' అని నేను రాస్తాను.)


ఇల్లు, వరండా
సెప్టెంబరు

తమ్ముడూ, పిడుగూ,

బాగున్నాను.

ఈ ఒక్క ముక్క రాయడానికి మూడు కాగితాలు చింపాను. మీ బావ పేపరు దించి మరీ చూస్తున్నారు. ఎడంచేత్తో రాయడం ఎడంచేతి పని కాదురా. ఆస్పత్రి మంచం మీద నువ్వెంత కష్టపడ్డావో ఇప్పుడు తెలిసింది.

అక్షరాలు పెద్దవైపోయాయి, కాగితం చాలడంలేదు. అచ్చుతప్పులుంటే దిద్దకండి. చిన్నప్పుడు 'అ' రాసిన వంపు మాత్రం చేతికి ఇంకా గుర్తుంది. చూడండి, చక్కగా వచ్చింది.

అక్క, అత్త